షెడ్డులో ఒక కారుకే చోటు

పాత కారు వున్న యింటికి చుట్టాలొస్తే మొదటి అరగంట ఆ కారు ముచ్చటే. "అబ్బ! దీన్ని ఇంకా వుంచారే! ఆ రేకు చూడండి, ఎంత మందమో! ఇప్పటివన్నీ అగ్గిపెట్టెలండీ" అంటారు. తలుపు తీసి దడాలున వేసి, ఆ చప్పుడు విని మెచ్చుకోలుగా తల పంకిస్తారు. "ఎవరెంత యిస్తానన్నా అమ్మకండి సుమా" అని హెచ్చరిస్తారు. తర్వాత కాఫీ తాగి, తమ అగ్గిపెట్టెలో ఎక్కి, అద్దాలు బిగించి, చల్లగాలి పెట్టుకుని హాయిగా వెళ్లిపోతారు.

మా యింట్లో చాలా ఏళ్లపాటు జరిగిన తంతు ఇది. మాది తెనాలి. ఊరికి పద్ధెనిమిది కిలోమీటర్ల దూరంలో వున్న ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. మోటారు కార్ల గురించి రాయడానికి తెలుగు మేష్టారికి ఏం అర్హత వుందని మీరు అడగవచ్చు. ఒక పాత కారుకు పన్నెండేళ్లు ఊడిగం చేసిన అర్హత వుంది. నాన్నగారు 2011లో పోయారు. ఆయన వదిలి వెళ్లినవాటిలో ఒక బీరువాడు పుస్తకాలూ, ఒక గడియారం, 1968 నాటి అంబాసిడరు కారూ వున్నాయి. పుస్తకాలు నాకు వచ్చాయి, గడియారం అక్కయ్య తీసుకుంది. కారు ఇంటికి వచ్చింది, అంటే అందరిదీ, ఎవరిదీ కాదు. షెడ్డులో ఒక్క కారుకే చోటు.

ఆ షెడ్డులో ఏది వుండాలి? చూడగానే మనసు నిండే పాత కారా, తాళం తిప్పగానే కదిలే కొత్త కారా? ఈ ప్రశ్న మా ఒక్కరిదే కాదు. తాతగారి ఫియట్టో, మామగారి జీపో, మేనమామ మారుతీయో మామిడిచెట్టు కింద గుడ్డ కప్పుకుని కూర్చున్న యిళ్లు మన ఊళ్లలో చాలానే వున్నాయి. అందుకే మా తగువు కాస్త వివరంగా చెబుతున్నాను.

పుట్టుకతో అందరూ పనివాళ్లే

క్లాసిక్ కారు అనే మాట ఇప్పుడు గొప్పగా వినిపిస్తున్నది. హైదరాబాదులో చౌమహల్లా పాలెసుకు వెళ్లినవారు అక్కడ 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టును చూసే వుంటారు. నిజాముగారి కోసం లోపల సింహాసనం అమర్చి చేసిన బండి అది. దానికి పాలూ కూరగాయలూ తెచ్చే పని ఏనాడూ లేదు. పుట్టడమే ఊరేగింపు కోసం పుట్టింది.

మన అంబాసిడరు సంగతి అది కాదు. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో వెలిసి, తర్వాత కలకత్తా పక్కన ఉత్తరపారాలో స్థిరపడింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాను తెచ్చుకుని 1950ల చివరలో అంబాసిడరును తయారుచేయసాగింది. అదే కాలంలో బొంబాయిలో ప్రీమియర్ వారి ఫియట్టు, మద్రాసులో స్టాండర్డ్ వారి కార్లు. ఈ మూడే మనకు గతి. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులవి. దొరికిన కారుతోనే పురుళ్లకూ పెళ్లిళ్లకూ, కోర్టుకూ కళ్లానికీ తిరిగారు. ముందు సీటు బల్లలాగా వుండేది కనుక అక్కడ ముగ్గురు, వెనక నలుగురు, వాళ్ల ఒళ్లో పిల్లలు. డిక్కీలో బియ్యం బస్తా, నెత్తిమీద పరుపుచుట్ట. అంబాసిడరును కొన్నవాడెవడూ అందం చూసి కొనలేదు. ఎంతమందిని ఎక్కిస్తే అంతమందినీ మోస్తుందని కొన్నాడు.

ఇంకొక తమాషా చెప్పాలి. 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ మొదటి మారుతీ 800 తాళాలు అందించినప్పుడు ఆ చిన్న కారును చూసి పెద్దలు నవ్వారు. "ఇదేం బండి, బొమ్మలాగా వుంది" అన్నారు. ఆ బొమ్మే తర్వాత పాతిక లక్షలకు పైగా ఇళ్లకు చేరింది. 2014 జనవరిలో మారుతీ 800 తయారీ ఆగింది. అదే ఏడాది మే నెలలో అంబాసిడరు తయారీ కూడా ఆగింది. నవ్విన బండీ, నవ్వించుకున్న బండీ ఒకే సంవత్సరంలో పాతవైపోయాయి. ఇప్పుడు మారుతీ 800ను కూడా తుడిచి, రంగు వేయించి, ఆదివారం నాడు బయటికి తీసి మురిసిపోయే కుర్రాళ్లు వున్నారు. నిన్న పనిచేసిన బండికే నేడు క్లాసిక్ అని పేరు పెడుతున్నామన్నమాట. ఈ ముక్క నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలియడానికి ఒక రాత్రి కావలసివచ్చింది.

ముసురు రాత్రి

2023 జూలైలో ఒక రాత్రి. రెండు రోజులుగా ముసురు. పన్నెండు దాటాక మా ఆవిడ నన్ను లేపింది. "ఏవండీ, అత్తయ్యగారికి ఊపిరి ఆడటం లేదు, త్వరగా లేవండి" అంది. మా అమ్మ మంచం మీద కూర్చుని గుండెల మీద చెయ్యి వేసుకుని వుంది. మాట్లాడలేకపోతున్నది.

షెడ్డుకు పరుగెత్తాను. చోకు లాగి, మీట నొక్కాను. లోపలెక్కడో ముసలాయన మూలిగినట్టు ఒక్క మూలుగు వినిపించింది. దీపాలు ఎర్రగా మినుకుమని ఆరిపోయాయి. మూడు వారాలుగా పరీక్షల హడావిడిలో కారు తీయలేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. తప్పు కారుది కాదు, నాదే. దాన్ని వారానికొకసారైనా నడపాలని నాన్నగారు వందసార్లు చెప్పారు. మా ఆవిడా నేనూ ఆ వానలో తోశాం. సందులో బురద. ఇరవై అడుగులు కదిలి ఆగిపోయింది. తల మీద నుంచి నీళ్లు కారుతూ వుంటే, ఆ నున్నటి బానెట్టు మీద చేతులు ఆనించి నేను నిలబడిపోయాను. పదేళ్ల మా అమ్మాయి గుమ్మంలో నుంచి చూస్తూ వుంది.

ఎదురింటి కుర్రవాడు చప్పుడు విని లేచి తన చిన్న కారు తెచ్చాడు. అమ్మను అందులో ఎక్కించి ఆసుపత్రికి చేర్చాం. డాక్టరుగారు చూసి, గుండెకేమీ ప్రమాదం లేదనీ, నెమ్ము చేసిందనీ చెప్పారు. నాలుగు రోజులుంచి పంపారు. ఏమీ కాలేదు కాబట్టి ఈ మాట ఇంత తీరికగా రాస్తున్నాను. అవుతే?

లెక్కల పుస్తకం

అమ్మ ఇంటికి వచ్చాక మా యింట్లో పంచాయతీ మొదలైంది. మా ఆవిడది కొత్త కారు పక్షం. అక్కయ్య హైదరాబాదు నుంచి ఫోనులోనే పాత కారు పక్షం. "ఒరేయ్ తమ్ముడూ, అది నాన్న చేతి వస్తువురా. స్టీరింగు మీద ఆయన చేతులు అరగదీసిన గుర్తులు ఇంకా వున్నాయి. దాన్ని ఎవరికో అమ్మేస్తావా?" అంది. నేను ఏ పక్షమో నాకే తెలియదు. అలాంటప్పుడు మగవాళ్లు చేసే పని ఒకటుంది. కాగితం తీసుకుని లెక్కలు వేయడం. నేనూ అదే చేశాను.

కాలేజీకి రానూ పోనూ ముప్పైయారు కిలోమీటర్లు. నెలకు పాతిక రోజులనుకుంటే తొమ్మిదివందల కిలోమీటర్లు. మా పాత కారు లీటరుకు తొమ్మిది ఇచ్చేది. అంటే నెలకు వంద లీటర్లు. మేము చూసిన కొత్త చిన్న కారు మన రోడ్ల మీద పద్ధెనిమిది ఇస్తుందని వాడేవాళ్లు చెప్పారు. అంటే యాభై లీటర్లు చాలు. లీటరు నూరు రూపాయల పైమాటే కనుక నెలకు అయిదువేల చిల్లర, ఏడాదికి అరవైవేలకు పైన మిగులు. మరమ్మతుల్లో ఇంకో ఇరవైవేలు కలిసివస్తాయనుకోండి. వింటానికి బాగానే వుంది. కాని కొత్త కారు ఖరీదు ఏడు లక్షలు. మిగులుతో ఆ డబ్బు రాబట్టుకోవడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. అప్పటికి ఆ కొత్త కారు పాతదైపోయి వుంటుంది. షోరూము గడప దాటిన రోజు నుంచే దాని ధర దిగుతుంది. బాగా చూసుకున్న పాత కారు ధర దిగదు, ఒక్కొక్కప్పుడు పెరుగుతుంది కూడా.

కాబట్టి డబ్బు లెక్క తేల్చగలిగింది ఏమీ లేదు. పెట్రోలు ఆదా చూపించి కొత్త కారు కొనిపించేవారి మాట సగమే నిజం. పాత కారు పెట్టుబడి అని చెప్పేవారి మాట కూడా సగమే నిజం.

అప్పుడు డబ్బు వదిలేసి రోజులు లెక్కపెట్టాను. నా డైరీ తిరగేస్తే 2022లో మా కారు ముప్పైయెనిమిది రోజులు మేస్త్రీ దగ్గర వుంది. ఒకసారి కార్బురేటరు, ఒకసారి బ్రేకులు, ఒకసారి రేడియేటరు. ఒక్కో సామాను కోసం బెజవాడ ఆటోనగరు ఎన్నిసార్లు వెళ్లానో! సామాను దొరకదని కాదు. ఆటోనగరులో అంబాసిడరుకు కావలసింది ఏదైనా ఏదో ఒక కొట్టులో దొరుకుతుంది. ఆ ఏదో ఒక కొట్టును పట్టుకోవడానికి ఒక పూట పడుతుంది. ఎండాకాలంలో పెట్రోలు దారిలోనే ఆవిరై బండి ఆగిపోతే, దిగి, బానెట్టు ఎత్తి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు నిలబడాలి. సరదా వున్నవాడికి అది సరదాయే. మొదటి గంట పాఠం వున్నవాడికి కాదు.

పాత కారు మనల్ని అడిగేది ప్రధానంగా తీరిక. నాన్నగారికి రిటైరయ్యాక అది పుష్కలంగా వుండేది. ఆదివారం పొద్దున లుంగీ కట్టుకుని కారు కిందికి దూరితే మధ్యాహ్నం భోజనానికే బయటికి వచ్చేవారు. నా ఆదివారాలు జవాబుపత్రాలకు పోతున్నాయి.

మందపాటి రేకు

ఇక చుట్టాలు మెచ్చుకునే ఆ రేకు సంగతి. నేనూ చాలాకాలం అదే నమ్మాను. గుద్దితే ఎదుటివాడి కారు నుజ్జవుతుంది, మనది చెక్కుచెదరదు అని ధీమా. తర్వాత ఈ విషయం చదివినప్పుడు నా ధీమా సడలింది.

మట్టికుండ బండమీద పడటానికీ, గడ్డిమేటు మీద పడటానికీ వున్న తేడా ఆలోచించండి. పడే వేగం ఒకటే. గడ్డి అణుగుతూ అణుగుతూ కుండను మెల్లగా ఆపుతుంది, బండ ఒక్కసారిగా ఆపుతుంది. కొత్త కార్ల ముందుభాగం గుద్దినప్పుడు నలిగిపోయేటట్టు కావాలనే చేస్తారు. అది నలుగుతూ దెబ్బను తాను తింటుంది. మనుషులు కూర్చునే గదిని మాత్రం గట్టిగా కడతారు. పాత కారు నలగదు. నలగదు కాబట్టి ఆ దెబ్బ లోపలివాళ్లకు చేరుతుంది. పైగా స్టీరింగు కడ్డీ గునపంలాగా నిటారుగా గుండెలకు ఎదురుగా వుంటుంది. కారు చెక్కుచెదరకపోవచ్చు, మనిషి సంగతే అనుమానం.

మన దేశంలో ముందుసీట్లకు బెల్టులు వుండి తీరాలన్న నియమం 1994లో వచ్చింది. కొత్త కార్లలో డ్రైవరుకు గాలిసంచీ 2019 జూలై నుంచీ, పక్కవారికి కూడా 2021 నుంచీ తప్పనిసరి అయింది. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా కాచే ఏర్పాటు కూడా 2019లోనే తప్పనిసరి చేశారు. మా 1968 కారుకు వీటిలో ఒక్కటీ లేదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. అది తయారైన నాటికి రోడ్డు మీద తోటి ప్రయాణికులు ఎడ్లబండ్లూ, ఆర్టీసీ బస్సులూ. ఇప్పుడు పదహారో నంబరు జాతీయ రహదారి మీద వెనక నుంచి నూరు కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడు, ముందున్న పెద్దమనిషికి ఆగడానికి ఎంత దూరం కావాలో ఆలోచిస్తాడా?

నేను ఆ కారులో రోజూ మా అమ్మాయిని బడికి దింపేవాణ్ణి. మనకు ఏదైనా అయితే అది మన ఖర్మ అనుకోవచ్చు. పక్కన కూర్చున్న పిల్ల మన పాతకాలపు ముచ్చటకు ఒప్పుకుని ఎక్కలేదు.

చట్టం ఏమంటుంది?

ఎక్కడైనా ఇలాంటి మాట వస్తే "పదిహేనేళ్లు దాటిన కారును ప్రభుత్వం తుక్కు చేసేస్తుందటగా" అంటారు. మన రాష్ట్రాల్లో ఆ భయం అక్కరలేదు. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్లు. ఆ తర్వాత బండిని చూపించి, బాగుందనిపించుకుని, అయిదేళ్లకొకసారి పొడిగించుకోవచ్చు. అయితే ఆ ఫీజు మునుపటిలా లేదు. ఆరువందల రూపాయలుండేది 2022 ఏప్రిల్ నుంచి అయిదువేలు చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో అది పదివేలకు పెరిగింది. దీనికి రాష్ట్రాలు వేసే హరిత పన్ను అదనం.

ఇది కాక యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021 జూలైలో కేంద్రం వేరే దారి ఏర్పరచింది. వింటేజ్ వాహనం అని నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నమోదు చేయిస్తే నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, ఇదివరకే రిజిస్టరైన బండి తన పాత నంబరు నిలుపుకోవచ్చు. ఆ నమోదు పదేళ్లు చెల్లుతుంది. షరతులు రెండు. బండి అసలు రూపంలో వుండాలి, అంటే చట్రం, బాడీ, ఇంజను మార్చి వుండకూడదు. పెట్రోలు తీసేసి డీజిలు ఇంజను బిగించిన అంబాసిడర్లు మన జిల్లాల్లో కొల్లలు. వాటికి ఈ గౌరవం దక్కదు. రెండోది, వింటేజ్ అని రాయించుకున్న బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ, పెట్రోలుకూ మాత్రమే తీయాలి.

చూశారా? ఇంట్లో మనం తేల్చుకోలేక కొట్టుకుంటున్న సంగతిని చట్టం రెండు ముక్కల్లో తేల్చింది. పూజలో పెడతావా, పనికి పెడతావా, ఏదో ఒకటి చెప్పమంటుంది.

అమ్మ తీర్పు

ఇన్ని లెక్కలు వేసినా నాకు మనసొప్పలేదు. కారణం అమ్మ. నాన్నగారి కారు అమ్మేస్తే ఆవిడ మనసు కష్టపడుతుందని నా భయం. అక్కయ్య భయమూ అదే. నిజానికి ఇన్నేళ్లూ ఆ కారును ఆవిడ కోసమే వుంచామని మేమిద్దరం అనుకుంటూ వచ్చాం.

ఒకనాడు సాయంత్రం వరండాలో కూర్చుని వుండగా అమ్మే కదిపింది.

"ఒరే నాయనా, మీ నాన్న దీనికి ముందు ఒక కారు వుంచుకున్నారని నీకు తెలుసా?"

తెలియదన్నాను.

"పెళ్లికి ముందు కొన్నారు. స్టాండర్డ్ హెరాల్డు. మద్రాసులో తయారయ్యేది. రెండే తలుపులు. ముందు మూత మొత్తం పైకి లేచేది, మొసలి నోరు తెరిచినట్టు. ఎర్రగా ఎంత ముద్దుగా వుండేదో! పెళ్లయిన కొత్తలో దానిలోనే మంగళగిరి తీసుకెళ్లారు నన్ను."

"మరేమైంది?"

"మీ అక్క పుట్టింది. మీ నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండు తలుపుల కారులో ముందు సీటు వంచి వెనక్కు దూరడం ఆవిడ వల్ల కాలేదు. ఒకసారి అందరిలో పడిపోయింది. ఆ వారమే మీ నాన్న బెజవాడ తీసుకెళ్లి దాన్ని అమ్మేసి, ఈ అంబాసిడరు కొన్నారు. డెబ్బయ్యారులో. ఇది కూడా కొత్తదేం కాదు, ఎనిమిదేళ్ల పాతది. నాలుగు తలుపులుంటే చాలన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు. నేను అడగలేదు. మర్నాడు పొద్దున్నే లేచి దీన్ని కడుగుతూ కూర్చున్నారు."

కొంచెంసేపు వూరుకుని మళ్లీ అంది. "దీన్ని నా కోసం వుంచారని నాకు తెలుసు. నేను మీ కోసం వూరుకున్నాను. ఇంట్లో నువ్వొక్కడివే దీన్ని నడపగలవు. కోడలు కారు నేర్చుకుంది. కాని ఈ స్టీరింగు తిప్పడానికీ, ఆ పక్కనున్న గేరు కడ్డీ పట్టడానికీ దాని చేతులు సరిపోవు. నువ్వు కాలేజీలో వున్నప్పుడు నాకు ఊపిరాడకపోతే ఎవరు తీసుకెళతారు? మీ నాన్న వుంటే ఈ మాట మీరు అడగకుండానే తేల్చేవారు."

నేను ఇక లెక్కలు వేయలేదు. నాన్నగారి జ్ఞాపకమని మేము పట్టుకుని కూర్చున్నది ఆయనకు ప్రాణమైన కారు కాదు. ప్రాణమైనదాన్ని ఇంటి కోసం వదులుకుని ఆయన తెచ్చిన కారు. ఆయన చేతి వస్తువు నిలబెట్టాలనుకున్నాం, ఆయన చేసిన పని మాత్రం చేయలేదు. ఫోనులో ఈ సంగతి చెబితే అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. "సరేరా, అయితే మంచివాడికి ఇవ్వు" అంది.

వుంచుకోదలచినవారికి

పాత కారున్న ప్రతివారూ అమ్మేయాలని నేననడం లేదు. షెడ్డులో రెండింటికి చోటూ, వారంలో ఒక పూట తీరికా, నమ్మకమైన మేస్త్రీ, ఇంటి అవసరాలకు వేరే బండీ వున్నవారు తప్పకుండా వుంచుకోవాలి. లేకపోతే ఈ బండ్లను రేపు ఎవరు చూస్తారు? బొంబాయిలో కాలీపీలీ అని పేరుపడ్డ ప్రీమియర్ పద్మిని టాక్సీలు ఇరవై ఏళ్ల గడువు నిండి 2023 అక్టోబరులో రోడ్డు మీద నుంచి తప్పుకున్నాయి. కనీసం ఒక్క టాక్సీనైనా భద్రపరచమని అక్కడివారు ప్రభుత్వాన్ని కోరారు. ఊరంతా వున్నన్నాళ్లూ ఎవరూ తలుచుకోలేదు మరి.

వుంచుకునేవారు నా దగ్గర నేర్చుకోగలిగింది ఏమైనా వుంటే అది నా పొరపాట్ల నుంచే. వారానికొకసారి ఇరవై నిమిషాలైనా కారును రోడ్డు మీద నడపండి. నిలబెట్టి ఇంజను తిప్పితే చాలదు. నడపలేని నెలల్లో బ్యాటరీ తీగ విప్పి వుంచండి. టైరు అరగలేదు కదా అని ధీమా వద్దు. నడవకపోయినా రబ్బరు గిడసబారుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి చూడండి. 2319 అని వుంటే 2019వ సంవత్సరం ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. బ్రేకు నూనె గాలిలో తేమను పీలుస్తుంది కనుక రెండేళ్లకొకసారి మార్పించండి.

పెట్రోలు విషయం మరీ ముఖ్యం. సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో దేశమంతటా పోయింది. గాలికి అది మంచిదే. ఆ సీసాన్ని నమ్ముకుని తయారైన పాత ఇంజన్లలో మాత్రం వాల్వుల సీట్లు అరుగుతాయి. ఇంజను విప్పినప్పుడు గట్టివి వేయించుకోవాలి. 2025 నాటికి బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో ఇథనాలు 20 శాతానికి చేరింది. అది పాత రబ్బరు గొట్టాలనూ, పంపులోని పొరలనూ మెత్తబరుస్తుంది, తేమనూ లాగుతుంది. దానికి తట్టుకునే గొట్టాలు వేయించుకోండి. టాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ వుంచకండి. చివరిగా, ఎలుకలు. పాత కారు తీగలంటే వాటికి మహా ఇష్టం.

వీటిలో ఏదీ బ్రహ్మవిద్య కాదు. కాని ఇవన్నీ ఎవరో ఒకరు ప్రతివారం చేయాలి. మీ ఇంట్లో ఆ ఎవరో ఒకరు ఎవరో పేరుతో చెప్పగలిగితే వుంచుకోండి. "చూద్దాంలే, ఎవరో ఒకరం చేద్దాం" అనుకుంటే నాకు జరిగిందే జరుగుతుంది. చెట్టు కింద కారు తుప్పు పడుతూ వుంటే, దాన్ని ప్రేమతో వుంచుకున్నామని మనం చెప్పుకుంటూ వుంటాం.

కొత్త కాపురం

2024 సంక్రాంతి వెళ్లాక మా అంబాసిడరు గుంటూరు వెళ్లిపోయింది. కొన్నది విడిభాగాల వ్యాపారం చేసే కుటుంబంలోని ఒక కుర్రవాడు. అతనికి పెద్ద షెడ్డు వుంది, ఇంకా రెండు పాత కార్లున్నాయి. బేరానికి వచ్చినప్పుడు ధర అడగకముందే కారు కిందికి దూరి అరగంట బయటికి రాలేదు. మా అమ్మ కిటికీలోంచి చూసి, "ఇతనికే ఇవ్వు" అంది. ఎవరెక్కువ ఇస్తారా అని నేను మరొకరిని అడగలేదు. మా అక్కయ్య కూతురి పెళ్లికి కారును పువ్వులతో అలంకరించి తెస్తానని అతను మాట ఇచ్చాడు.

కారు సందు మలుపు తిరిగేటప్పుడు వెనక అద్దంలోంచి ఎర్రని దీపం ఒకసారి వెలిగి ఆరింది. నల్లపలక మీద తెల్లని అక్షరాలు కనిపించినంతసేపూ చూసి లోపలికి వచ్చాను. ఆ రాత్రి నేను అన్నం తిన్నాను గాని ఏం తిన్నానో గుర్తులేదు.

ఆ నెలలోనే చిన్న తెల్లకారు వచ్చింది. గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. మా ఆవిడ వారంలో చెయ్యి తిరిగి, అమ్మను ఆసుపత్రికీ, గుడికీ, చివరకు చీరాల చుట్టాల యింటికీ కూడా తీసుకువెళ్లి వచ్చింది. నేను కాలేజీకి వెళ్లేది వాళ్ల తీరిక చూసుకునే. దాన్ని చూసి ఏ చుట్టమూ ఆగి మెచ్చుకోలేదు. తలుపు వేస్తే టక్కుమని చిన్న చప్పుడు, అంతే.

మొన్న ఆదివారం దాన్ని కడుగుతూ వుంటే మా అమ్మాయి బకెట్టు పట్టుకుని పక్కన నిలబడింది. తడిగుడ్డతో వెనక తలుపు తుడుస్తూ, ఏదో ఆలోచించి, "నాన్నా, దీన్ని మాత్రం ఎప్పుడూ అమ్మొద్దు" అంది.